ఆంటియోక్ టంకశాల కంచు నాణేలను సేకరించడం ఎలా?

బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు, కంచు నాణేలు సేకరించాలనుకునేవారిలో చాలామంది చక్రవర్తుల పేర్లతో ఒక జాబితా రాసుకుని, ఒక్కొక్కరి నాణెం ఒక్కొక్కటి కొంటూ పోతారు. అలా పెట్టె నిండుతుంది గానీ ఒక నాణేనికీ మరో నాణేనికీ మధ్య ఏ సంబంధమూ ఏర్పడదు. అంతకంటె ఎక్కువ నేర్పే దారి ఒకటి ఉంది. రాజధాని కాని ఒక్క నగరాన్ని ఎంచుకుని, ఆ నగరపు టంకశాలలో అచ్చయిన కంచును మాత్రమే సేకరించండి. చక్రవర్తి ముఖం ఉన్న ముందువైపును కాసేపు పక్కనబెట్టి, ముందుగా వెనుకవైపు చదవడం అలవాటు చేసుకోండి. ఈ పద్ధతికి ఆంటియోక్‌ను మించిన నగరం లేదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో కింది అడుగులు చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మొదటి అడుగు: హద్దులు గీసుకోవడం

తెలుగు బైబిలు చదివినవారికి అంతియొకయగా పరిచయమైన నగరం ఇదే. ఒరోంటీస్ నది ఒడ్డున, ఇప్పటి తుర్కియేలోని హతాయ్ ప్రాంతంలో అంతాక్యా అనే పేరుతో ఉంది. 2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపాలకు తీవ్రంగా దెబ్బతిన్న నగరాల్లో ఇదొకటి. ఆరో శతాబ్దంలోనూ ఈ ఊరిది ఇదే గతి. 526 మే నెలలో వచ్చిన భూకంపం నగరాన్ని కూల్చివేసింది. 528 నవంబరులో మళ్లీ భూమి కంపించింది. ఆ రెండో దెబ్బ తర్వాత నగరం పేరును థియోపోలిస్, అంటే దేవుని పట్టణం, అని మార్చారు. ఆ పేరు మార్పు నాణేల మీదికి కూడా ఎక్కింది. అందువల్ల వెనుకవైపు అడుగున ఉన్న నాలుగైదు అక్షరాలు చూసి, ఆ నాణెం రెండో భూకంపానికి ముందుదో తర్వాతదో మీరే చెప్పగలుగుతారు.

కాలానికి సంబంధించి కూడా ఒక హద్దు అవసరం. 498లో అనస్టేసియస్ చక్రవర్తి కంచు నాణేల వ్యవస్థను సంస్కరించి, 40 నుమ్మీల విలువగల ఫాలిస్‌ను ప్రవేశపెట్టాడు. అప్పటిదాకా మార్కెట్లో ఒక గ్రాముకు అటూ ఇటూ తూగే నుమ్మస్ (బహువచనం నుమ్మీ) అనే చిన్న బిళ్లలే చలామణీలో ఉండేవి. అనస్టేసియస్ పేరుతో ఆంటియోక్‌లో అచ్చయిన ఫాలిస్‌లు అరుదు కాబట్టి, కొత్తవారు 518లో గద్దెనెక్కిన మొదటి జస్టిన్ దగ్గర మొదలుపెట్టి, 610లో ఫోకాస్ పతనం దగ్గర ఆగడం మంచిది. జస్టిన్, జస్టినియన్, రెండో జస్టిన్, రెండో టైబీరియస్, మారిస్, ఫోకాస్ అనే ఆరుగురు పాలకులు, 92 ఏళ్లు ఈ హద్దులోకి వస్తారు. ఇది ఒక జీవితానికి సరిపడా పని, ఒక మామూలు జీతానికి అందుబాటులో ఉండే పని కూడా.

రెండో అడుగు: వెనుకవైపు చదవడం నేర్చుకోవడం

ఇది అన్నిటికంటె ముఖ్యమైన అడుగు. ఒక్క నాణెం కూడా కొనకముందే దీన్ని సాధన చేయాలి. పెద్ద వేలం సంస్థల పాత అమ్మకాల ఫోటోలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో ఆంటియోక్ నాణేలను వెతికి, కింద రాసిన వివరణ చదవకుండా, మీరే చదవడానికి ప్రయత్నించండి.

నాణెం వెనుక మధ్యలో ఒక పెద్ద అక్షరం ఉంటుంది. అది ఆ నాణెం విలువ. గ్రీకులో అక్షరాలే అంకెలుగా కూడా పనిచేస్తాయి కనుక ఎం అక్షరం ఉంటే 40 నుమ్మీలు, కె ఉంటే 20, ఐ ఉంటే 10, ఇ ఉంటే 5 అని అర్థం. వీటినే సేకర్తలు వరుసగా ఫాలిస్, అర ఫాలిస్, డెకానుమ్మియం, పెంటానుమ్మియం అంటారు. ఎం అక్షరం కొన్ని పాలనల్లో నిటారు గీతలతోనూ, మరికొన్నింటిలో భుజాలు గుండ్రంగా వంగిన చిన్న ఎం లాగానూ కనిపిస్తుంది. రెండూ ఒకటే విలువ.

పెద్ద అక్షరం కింద, ఒక అడ్డగీతకు దిగువన ఉండేవి టంకశాల గుర్తు అక్షరాలు. 528కి ముందువైతే ఎ, ఎన్, టి అక్షరాలతో మొదలై ఆంటియోక్ అనే పేరును సూచిస్తాయి. తర్వాతివైతే థియోపోలిస్ అనే పేరుకు రకరకాల సంక్షిప్త రూపాలు కనిపిస్తాయి. కొన్ని గ్రీకు థీటాతో, అంటే మధ్యలో గీతగల గుండ్రని అక్షరంతో మొదలవుతాయి. కొన్ని లాటిన్ టి, హెచ్, ఇ, యు, పి అక్షరాలతో ఉంటాయి. కొన్నింటిలో రెండు లిపులూ కలగలిసి ఉంటాయి. రాజధాని కాన్‌స్టాంటినోపుల్ నాణేల మీద సి, ఒ, ఎన్ అని, నికోమీడియా నాణేల మీద ఎన్, ఐ, కె అని, సిజికస్ నాణేల మీద కె, వై, జడ్ అని ఉంటాయి కనుక, కాస్త సాధనతో ఈ తేడాలను వెంటనే పట్టుకోవచ్చు. అమ్మకందారులు ఇతర టంకశాలల నాణేలను ఆంటియోక్ అని, ఆంటియోక్ నాణేలను మరొకటి అని రాయడం తరచూ జరుగుతుంది. ఈ అక్షరాలు స్వయంగా చదవగలిగినవారు మాత్రమే ఆ పొరపాట్ల వల్ల నష్టపోకుండా ఉంటారు.

ఎం అక్షరం రెండు కాళ్ల మధ్య ఇంకొక చిన్న అక్షరం ఉంటుంది. అది టంకశాలలోని ఏ విభాగంలో నాణెం అచ్చయిందో చెబుతుంది. ఆంటియోక్‌లో సాధారణంగా నాలుగు విభాగాలు, వాటికి అల్ఫా, బీటా, గామా, డెల్టా అక్షరాలు. గామా తలకిందులైన ఎల్ లాగా, డెల్టా త్రిభుజంలాగా ఉంటాయి. కాన్‌స్టాంటినోపుల్‌లో ఐదు విభాగాలు ఉండేవి కాబట్టి, ఐదో అక్షరమైన ఎప్సిలన్ ఎం కింద కనబడితే టంకశాల గుర్తును మరొకసారి నిదానంగా చూడండి.

538–39లో జస్టినియన్ ఇంకొక సంస్కరణ చేశాడు. అప్పటినుంచి ఫాలిస్ వెనుక ఎం అక్షరానికి ఎడమవైపు నిలువుగా ఎ, ఎన్, ఎన్, ఒ అనే నాలుగు అక్షరాలు, కుడివైపు పాలనా సంవత్సరం అంకె ఉంటాయి. ఆ నాలుగు అక్షరాల మాటకు లాటిన్‌లో సంవత్సరంలో అని అర్థం. అంకెలు రోమన్ పద్ధతిలోనే ఉన్నా ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పన్నెండు అయితే పైన ఎక్స్, దాని కింద రెండు నిలువు గీతలు. ఇక్కడ కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఐదు, ఆరు అంకెలు. ఐదు సాధారణంగా యు ఆకారంలో ఉంటుంది. ఆరుకు కొక్కెంలా వంగిన ప్రత్యేకమైన గుర్తు వాడతారు. నాణెం అరిగినప్పుడు ఈ రెండూ ఒకేలా కనబడతాయి. అలాంటప్పుడు లాంతరో బల్బో ఒక పక్కనుంచి తక్కువ ఎత్తులో పెట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. నిలువుగా పడే వెలుతురులో కనిపించని గీత అడ్డంగా పడే వెలుతురులో నీడ ద్వారా బయటపడుతుంది.

ఒక నాణెం ముందు పెట్టుకుని చూద్దాం. వెనుక గుండ్రని భుజాల ఎం. పైన చిన్న శిలువ. ఎడమవైపు నాలుగు అక్షరాల మాట, అందులో చివరి ఒ సగం నాణెం అంచు దాటి బయటికి పోయింది. కుడివైపు యు ఆకారం, దాని కింద రెండు గీతలు, అంటే ఏడు. ఎం కాళ్ల మధ్య గామా. అడుగున టి, హెచ్, ఇ, యు, పి. ఇప్పటికి ముందువైపు చూడకుండానే ఇది ఫాలిస్ అనీ, థియోపోలిస్‌లో మూడో విభాగంలో అచ్చయిందనీ, ఎవరో ఒక చక్రవర్తి ఏడో పాలనా సంవత్సరానిదనీ తెలిసింది. నాణెం తిప్పితే ముఖం చుట్టూ ఉన్న అక్షరాలు దేనికీ పొంతన కుదరవు. అది అరుగుదల వల్ల కాదు. ఆరో శతాబ్దం రెండో సగంలో ఆంటియోక్ అచ్చులు చెక్కినవారిలో చాలామందికి లాటిన్ సరిగా రాదు. గ్రీకు, సిరియాక్ భాషల మధ్య బతికిన పనివారు లాటిన్ అక్షరాలను బొమ్మలుగా చూసి చెక్కారు. అందువల్ల ఈ టంకశాల నాణేల్లో పేరు కంటె బొమ్మ, బొమ్మ కంటె వెనుకవైపు ఎక్కువ నమ్మదగినవి.

మూడో అడుగు: సంవత్సరం లెక్క

లెక్క తేలికైనదే. చక్రవర్తి గద్దెనెక్కిన సంవత్సరానికి నాణెం మీది అంకె కలిపి, ఒకటి తీసివేయాలి. జస్టినియన్ 527లో, రెండో జస్టిన్ 565లో, మారిస్ 582లో, ఫోకాస్ 602లో పాలనకు వచ్చారు. మారిస్ ఏడో సంవత్సరం అంటే 582కి 7 కలిపి 1 తీసివేస్తే 588. పాలనా సంవత్సరం జనవరితో మొదలుకాదు కనుక 588–89 అని రాసుకోవాలి. రెండో టైబీరియస్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆయన చక్రవర్తి అయింది 578లో. కానీ నాణేల మీది లెక్క ఆయన సీజర్‌గా, అంటే చక్రవర్తి కింది సహపాలకుడిగా, నియమితుడైన 574 చివరి నుంచి నడుస్తుంది. అందువల్ల ఆయన ఐదో సంవత్సరం నాణెం 578–79 నాటిది.

ఈ లెక్క వచ్చాక నాణేలు మాట్లాడటం మొదలుపెడతాయి. పైన చెప్పిన మారిస్ ఏడో సంవత్సరపు నాణేన్నే తీసుకోండి. 588 అక్టోబరులో ఆంటియోక్‌లో మరో పెద్ద భూకంపం వచ్చింది. ఆ నగరంలోనే నివసించిన చరిత్రకారుడు ఎవాగ్రియస్, తన పెళ్లి వేడుకలు జరుగుతున్న రాత్రే భూమి కంపించిందనీ, మృతులు దాదాపు 60,000 మంది అనీ రాశాడు. ఆ పాలనా సంవత్సరంలోనే ఆ ఊళ్లో అచ్చయిన ఫాలిస్ మీ చేతిలో ఉండవచ్చు. అలాగే జస్టినియన్ 13వ సంవత్సరం 539–40. పారసీక చక్రవర్తి మొదటి ఖుస్రో 540 జూన్‌లో ఆంటియోక్‌ను పట్టుకుని తగలబెట్టాడు. బందీలుగా తీసుకుపోయిన నగరవాసుల కోసం తన రాజధాని టెసిఫోన్ దగ్గర కొత్త పట్టణమే కట్టించాడు. 13వ సంవత్సరపు ఫాలిస్ ఆ విపత్తుకు సరిగ్గా ముందు ఈ ఊరి బజార్లలో తిరిగిన చిల్లర. బంగారు సాలిడస్ నాణేలు ఇలాంటి కథ చెప్పలేవు. అవి వ్యాపారంతోపాటు దూరాలకు వెళ్లాయి. కర్ణాటకలోని అక్కిఆలూరులో దొరికిన నిధిలో ఐదో, ఆరో శతాబ్దాల నాటి బైజాంటైన్ బంగారు నాణేలు ఉన్నాయి. కంచు మాత్రం ఎక్కువగా తన ప్రాంతంలోనే ఖర్చయింది.

నాలుగో అడుగు: ముందువైపు రకాలను గుర్తుపట్టడం

పేరు చదవలేకపోయినా, ఆంటియోక్ నాణేల మీది బొమ్మలు పాలకుణ్ణి దాదాపు ఖాయంగా పట్టిస్తాయి. మొదటి జస్టిన్ నాణేల మీదా, జస్టినియన్ తొలి ఏళ్ల నాణేల మీదా కుడివైపు తిరిగిన ముఖం ఉంటుంది. 528 తర్వాతి కొద్ది ఏళ్లలో జస్టినియన్ సింహాసనం మీద ఎదురుగా కూర్చున్న ఫాలిస్ ఒకటి ఇక్కడే అచ్చయింది. ఇది సేకర్తలు ఎంతో కోరుకునే రకం, ధర కూడా అందుకు తగినట్టే ఉంటుంది. 538–39 సంస్కరణ తర్వాత చక్రవర్తి కవచం, శిరస్త్రాణంతో మనవైపు సూటిగా చూస్తాడు.

రెండో జస్టిన్ ఫాలిస్ మీద ఆయన, రాణి సోఫియా జంట సింహాసనం మీద పక్కపక్కనే కూర్చుని ఉంటారు. రెండో టైబీరియస్, మారిస్ ఇద్దరూ ఆంటియోక్ నాణేల మీద కాన్సల్ (రోమన్ల ఉన్నత పదవి) దుస్తుల్లో, కుడిచేతిలో చుట్టిన వస్త్రం, ఎడమచేతిలో గద్ద బొమ్మ ఉన్న రాజదండంతో కనిపిస్తారు. మారిస్ కిరీటం మీద ముందుభాగంలో మూడు రేకుల అలంకారం ఉంటుంది. అదే మారిస్ కాన్‌స్టాంటినోపుల్ ఫాలిస్‌ల మీద కవచంతో, చేతిలో శిలువ నిలిపిన గోళంతో ఉంటాడు. అందువల్ల మారిస్ నాణెమైతే, టంకశాల గుర్తు పూర్తిగా అరిగిపోయినా, కాన్సల్ దుస్తులు చూసి ఆంటియోక్ అయివుంటుందని చెప్పవచ్చు. ఫోకాస్ ఫాలిస్ మీద చక్రవర్తి, రాణి లియోంటియా ఇద్దరూ నిలబడి ఉంటారు.

వీటన్నిటిలో నాకు అత్యంత ప్రియమైనది ఒక చిన్న బిళ్ల. జస్టిన్, జస్టినియన్ పాలనల్లో వచ్చిన ఐదు నుమ్మీల నాణేల్లో ఒక రకం మీద రెండు స్తంభాల మండపం, అందులో తలపై కోట గోడల కిరీటంతో కూర్చున్న ఆంటియోక్ నగర దేవత టైకీ, ఆమె పాదాల దగ్గర ఈదుతున్న యువకుడి రూపంలో ఒరోంటీస్ నది ఉంటాయి. సామ్రాజ్యం క్రైస్తవమై రెండు శతాబ్దాలు గడిచాక కూడా ఈ ఊరి చిల్లర మీద పాత నగర దేవత కొలువై ఉంది. బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. సాధారణంగా మండపం పైకప్పు నాణెం అంచులో తెగిపోతుంది, నది బొమ్మ అరిగి ఒక ఉబ్బులా మిగులుతుంది. రెండు స్తంభాలూ, కింద చాపిన నది చేతులూ కనబడే నాణెం దొరికితే ధర కాస్త ఎక్కువైనా తీసుకోవడం మంచిది.

ఐదో అడుగు: కొలతలు

కొనే ప్రతి నాణేన్నీ తూచి కొలవాలి. 0.01 గ్రాము దాకా చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, వెర్నియర్ కాలిపర్స్, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే చాలు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్ల వ్యాసం, దాదాపు 7.7 గ్రాముల బరువు ఉంటుంది. 512 తర్వాతి పెద్ద ఫాలిస్ సుమారు 18 గ్రాములు. జస్టినియన్ సంస్కరణ తర్వాతి తొలి ఏళ్ల ఫాలిస్ 40 మిల్లీమీటర్లకు చేరి 20 గ్రాములు దాటుతుంది. ఆ తర్వాత ఏటికేడు తగ్గుతూ మారిస్ నాటికి 11, 12 గ్రాములకు దిగింది. కంచు బరువులో ఒకే టంకశాల నాణేల మధ్యే రెండు మూడు గ్రాముల తేడా మామూలే కనుక, ఒక నాణెం తేలికగా ఉన్నంతమాత్రాన అనుమానించనవసరం లేదు. అయితే అంచులు కత్తిరించిన గుర్తులు ఉన్నాయేమో చూడాలి.

పారసీకులు సిరియాను ఆక్రమించుకున్న 610–630 మధ్యకాలంలో అక్కడ పాత ఫాలిస్‌లను అనుకరించే నాణేలు కూడా వచ్చాయి. వాటిని ఆ కాలపు నాణేలుగానే ఆసక్తితో సేకరించేవారున్నారు. అందువల్ల ముందువైపు అక్షరాలు అర్థంలేకుండా ఉండటంతోపాటు, వెనుకవైపు టంకశాల పేరు, సంవత్సరం, పాలకుడి బొమ్మ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఆ నాణేన్ని వేరుగా ఉంచి, నిపుణుల వర్గీకరణతో పోల్చిచూడండి.

ఆరో అడుగు: కొనడం

మొదటి నాణెంగా మారిస్ ఫాలిస్ ఒకటి తీసుకోండి. ఇవి ఎక్కువగా దొరుకుతాయి. వెనుకవైపు అన్ని అక్షరాలూ స్పష్టంగా ఉన్నది కూడా కొన్ని పదుల డాలర్లకే వస్తుంది. అదే డబ్బుకు నాలుగు అరిగిపోయిన నాణేల గుత్తి వస్తుందని ఆశపడవద్దు. సంవత్సరం, టంకశాల చదవలేని నాణెం ఈ సేకరణకు పనికిరాదు. ముందువైపు ముఖం అందంగా ఉండి వెనుకవైపు బలహీనంగా ఉన్న నాణెం, ముందువైపు అరిగి వెనుకవైపు స్పష్టంగా ఉన్న నాణెం ఒకే ధరకు కనబడితే రెండోదే ఎంచుకోండి. మార్కెట్ ముఖానికే ఎక్కువ విలువ కడుతుంది కనుక, ఈ పద్ధతిలో సేకరించేవారికి మంచి నాణేలు తక్కువ ధరకే దొరుకుతాయి.

వేలంలో పాల్గొనేటప్పుడు గెలిచిన ధర మీద కొనుగోలుదారు రుసుము, తపాలా ఖర్చు, దిగుమతి సుంకం కలిపి ముందే లెక్క వేసుకోవాలి. అమ్మకందారుల వివరణల్లో సియర్ సంఖ్యలు కనిపిస్తాయి. డేవిడ్ సియర్ రూపొందించిన బైజాంటైన్ నాణేల జాబితాలోని వరుస సంఖ్యలివి. రెండో జస్టిన్, సోఫియా ఆంటియోక్ ఫాలిస్ 379వ సంఖ్య కింద వస్తుంది. డంబార్టన్ ఓక్స్ సంగ్రహాలయ సూచిక మరింత వివరంగా, సంవత్సరం వారీగా, విభాగం వారీగా నాణేలను పేర్కొంటుంది. రెండు సంఖ్యలూ రాసుకోవడం అలవాటు చేసుకోండి.

నాణెం ఎక్కడినుంచి వచ్చిందో అడగడం కొనుగోలులో తప్పనిసరి భాగం. 2011 తర్వాత సిరియా యుద్ధకాలంలో ఆంటియోక్‌కు దక్షిణాన ఉన్న అపామియా శిథిలాల్లో దొంగ తవ్వకాలు ఎంత విస్తారంగా జరిగాయో ఉపగ్రహ చిత్రాలు చూపాయి. అలా తవ్విన నాణెం ఏ పొరలో, ఏ ఇంట్లో, ఏ నాణేలతోపాటు ఉందో తెలిసే అవకాశం శాశ్వతంగా పోతుంది. తుర్కియే చట్టం తన నేలలో దొరికిన పురావస్తువులను దేశం దాటనివ్వదు. అమెరికా సిరియా పురావస్తువుల దిగుమతిపై 2016లో, తుర్కియే పురావస్తువులపై 2021లో ఆంక్షలు విధించింది. ఐరోపా సమాఖ్యలో పురావస్తువుల దిగుమతికి కొత్త నియమాలు 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చాయి. అందువల్ల అమెరికాలో, ఐరోపాలో ఉన్న తెలుగువారు పాత సేకరణల నుంచి వచ్చిన, పాత వేలం పత్రాలో బిల్లులో ఉన్న నాణేలనే తీసుకోవాలి. పదిశాతం ఎక్కువ పెట్టాల్సివచ్చినా అది వృథా కాదు.

భారతదేశంలో ఉన్నవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దేశం బయటికి పంపే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. ఒకసారి తెప్పించుకున్న నాణేన్ని తర్వాత విదేశీ వేలానికి పంపి అమ్ముకోవచ్చని అనుకోవద్దు. తెప్పించే ముందు కస్టమ్స్ నియమాలు చూసుకుని, పార్సిల్ మీద వస్తువు ఏమిటో, విలువ ఎంతో ఉన్నదున్నట్టు రాయమని అమ్మకందారును కోరండి.

ఏడో అడుగు: నకిలీలు, చెక్కుడు పనులు

మారిస్ ఫాలిస్ లాంటి చవక నాణేలకు నకిలీలు తక్కువ. సింహాసనం మీది జస్టినియన్, టైకీ బొమ్మ నాణెం వంటి ఖరీదైనవాటితోనే ప్రమాదం ఎక్కువ. పోతపోసిన నకిలీ నాణెం అంచున సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత గుంతలు, మెత్తబడిన అక్షరాల అంచులు ఉంటాయి. అచ్చుకొట్టిన అసలు నాణెంలో లోహం అక్షరాల అంచులవైపు పారినట్టు సన్నని గీతలు కనబడతాయి. ఒకే బీట, ఒకే గీత, ఒకే అంచు పగులు ఉన్న రెండు నాణేలు వేర్వేరు అమ్మకాల్లో కనిపిస్తే వాటిలో కనీసం ఒకటి పోతే.

సిరియా నాణేల మీద తరచుగా ఇసుక రంగు పొర ఉండి, దాని మధ్య నుంచి ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు బొమ్మ ఎత్తుగా కనబడుతుంది. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది కనుక, కొందరు సన్నని మట్టిని జిగురుతో పూసి ఆ రూపం తెస్తారు. దూదిపుల్లను ఎసిటోన్‌లో ముంచి అంచు దగ్గర మెల్లగా రుద్దితే జిగురుతో పెట్టిన మట్టి చాలామటుకు వచ్చేస్తుంది. ఎసిటోన్ వేగంగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి చేయాలి.

చెక్కుడు పని నకిలీ కంటె మోసకరమైనది. అసలు నాణేన్నే తీసుకుని, అరిగిన అక్షరాలను సన్నని పనిముట్టుతో లోతుగా గీస్తారు, చుట్టూ ఉన్న ఖాళీని చదును చేస్తారు. భూతద్దంలో చూస్తే ఖాళీ భాగంలో ఒకే దిశలో సమాంతర గీతలు, అక్షరాల పక్కల్లో పదునైన లోయలు కనబడతాయి. ఈ టంకశాల నాణేల్లో ముఖ్యంగా సంవత్సరం అంకెలను చూడండి. ఒక నిలువు గీత అదనంగా చేరితే సాధారణ సంవత్సరం అరుదైన సంవత్సరంగా మారిపోతుంది.

ఎనిమిదో అడుగు: శుభ్రం చేయడం, భద్రపరచడం

మన ఇళ్లలో ఇత్తడి బిందెలను చింతపండుతోనూ, నిమ్మచెక్కతోనూ తోముతాం. ఆ అలవాటును నాణెం దగ్గరికి రానివ్వకూడదు. పులుపులోని ఆమ్లం పదిహేను వందల ఏళ్లలో ఏర్పడిన పైపొరను నిమిషాల్లో తినేస్తుంది. ఆ పొర పోయాక అక్షరాల సన్నని గీతలు కూడా దానితోనే పోతాయి, ఎందుకంటే అవి చాలా చోట్ల లోహంలో కాకుండా ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. మట్టి పట్టిన నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ, వెదురు పుల్లతో లేదా మెత్తటి బ్రష్‌తో మెల్లగా తుడవండి. అంతకుమించి అవసరం అనిపిస్తే అలాంటి నాణెం కొనకపోవడమే మేలు.

కంచుకు వచ్చే అసలు జబ్బు వేరు. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా, గోరు తగిలితే రాలిపోయే చిలుము చుక్కలు కనబడితే జాగ్రత్తపడాలి. మామూలు చిలుము గట్టిగా, నున్నగా ఉంటుంది. ఈ పొడి చిలుము మాత్రం లోహంలో దాగిన క్లోరైడ్, గాలిలోని తేమ, ఆక్సిజన్ కలిసి పుట్టించేది. ఆ చర్యలో ఆమ్లం ఏర్పడి మళ్లీ లోహాన్ని తింటుంది, కాబట్టి తుడిచేసినా కొద్దిరోజుల్లో అదే చోట మళ్లీ వస్తుంది. అనుమానం ఉన్న నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయండి. పొడిని పుల్లతో పూర్తిగా గీకి తీసి, సోడియం సెస్క్వికార్బొనేట్ ఐదు శాతం ద్రావణంలో వారాలపాటు ద్రావణం మారుస్తూ ఉంచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఎసిటోన్‌లో ముంచి పూర్తిగా ఆరబెట్టడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. దీనివల్ల పైపొర రంగు కొంత మారవచ్చు. ఖరీదైన నాణెమైతే పరిరక్షణ నిపుణులకు అప్పగించండి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీర పట్టణాల్లో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. సముద్రపు గాలిలో తేమతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని వర్షాకాలంలో తరచుగా మారుస్తూ, తేమ 40 శాతం లోపు ఉండేలా చిన్న తేమమాపకం ఒకటి పెట్టుకోండి. పివిసి ప్లాస్టిక్ కవర్లు కాలక్రమంలో జిగట పదార్థాన్ని విడిచి కంచును పాడుచేస్తాయి. మైలార్ కవర్లు గానీ, ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ వాడాలి. చెక్క పెట్టెలు అందంగా ఉంటాయి గానీ టేకు, ఓక్ వంటి కొన్ని చెక్కల నుంచి వెలువడే ఆవిరులు లోహానికి మంచివి కావు.

తొమ్మిదో అడుగు: రాసిపెట్టుకోవడం

ప్రతి నాణేనికీ ఒక చీటీ రాయండి. పాలకుడు, విలువ అక్షరం, టంకశాల గుర్తు నాణెం మీద ఉన్నది ఉన్నట్టుగా, విభాగం, పాలనా సంవత్సరం, క్రీస్తుశకంలో దాని సమానం, బరువు, వ్యాసం, సియర్ సంఖ్య, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నది, అంతకుముందు ఎవరి సేకరణలో ఉన్నది అన్నవన్నీ అందులో ఉండాలి. రెండు అచ్చుల మధ్య కోణం కూడా నమోదు చేయండి. ముందువైపు బొమ్మను నిటారుగా పట్టుకుని, నాణేన్ని నిలువు అక్షం మీద తిప్పినప్పుడు వెనుకవైపు బొమ్మ తల గడియారంలో ఏ గంటవైపు ఉంటే ఆ సంఖ్య రాయాలి. చదవలేని అక్షరం ఉన్న చోట ఊహించి పూరించకుండా చుక్క పెట్టండి.

ఇరవై ముప్పై నాణేలు చేరాక చీటీలను పాలకుడి వారీగా కాకుండా సంవత్సరం వారీగా ఒక వరుసలో పరచి చూడండి. ఏ ఏళ్లు నిండుగా ఉన్నాయో, ఏ ఏళ్లు ఖాళీగా ఉన్నాయో, గామా విభాగం ఎన్నిసార్లు వచ్చిందో, బరువు ఎక్కడ పడిపోయిందో కనబడుతుంది. తర్వాత ఏ నాణెం కొనాలో ఆ ఖాళీలే చెబుతాయి. చాలామంది సేకరణలో మొదట ఖాళీగా ఉండేవి ఫోకాస్ ఏళ్లు, చిన్న డెకానుమ్మియాలు. 538–39 తర్వాతి డెకానుమ్మియం మీద కూడా సంవత్సరం ఉంటుంది. అమ్మకందారులు వీటిని పెద్దగా పట్టించుకోక గుత్తుల్లో వేస్తారు. అలాంటి గుత్తుల ఫోటోలను పెద్దవి చేసి, ఐ అక్షరానికి ఒకవైపు ఉన్న నాలుగు అక్షరాలను, మరోవైపు ఉన్న అంకెలను ఓపికగా చదివి చూడండి.